కుదురులో గోధుమ, కొనల్లో నలుపు: ఒక గుర్రం కేసు

ఈ కేసులో నేనూ ఒక తప్పు చేశాను, అందుకే రాస్తున్నాను. యజమానిని అడిగి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను, డబ్బు లెక్కలు కొంచెం అటూ ఇటూ మార్చాను. మిగతాది జరిగింది జరిగినట్టే.

నేను పశువైద్యుణ్ణి. నాందేడ్ జిల్లాలో తెలంగాణకు ఆనుకుని ఉన్న వైపు, అంటే బిలోలి, ధర్మాబాద్, దెగ్లూర్ చుట్టుపక్కల తిరుగుతాను. ఇక్కడ చాలా ఇళ్లలో తెలుగు మాట్లాడతారు, గడప దాటితే మరాఠీ. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా గేదెలు, ఎద్దులు, మేకలు. గుర్రాలు నెలకు నాలుగైదు. ఈ జిల్లాకు గుర్రాలతో పాత సంబంధం ఉంది. లోహా తాలూకా మాళేగావ్‌లో మార్గశిరంలో జరిగే ఖండోబా యాత్రలో పెద్ద గుర్రాల బజారు నడుస్తుంది. నాందేడ్ హుజూర్ సాహిబ్ గురుద్వారాలో గుర్రాలను ఎంత గౌరవంగా చూస్తారో ఇక్కడి వాళ్లందరికీ తెలుసు. వీటికి తోడు పెళ్లి బరాత్‌లు, ఫిబ్రవరి 19న శివాజీ జయంతి ఊరేగింపులు. కాబట్టి గుర్రం అద్దెకిచ్చి బతికే కుటుంబాలు మండలానికి ఒకటో రెండో ఉంటాయి.

అలాంటి కుటుంబమే ఇది. నలభై ఏళ్లు దాటిన మనిషి, బ్యాండు మేళంతో పాటు ఒక తెల్ల గుర్రాన్ని కూడా నడిపేవాడు. నన్ను సార్ అంటాడు, నేను అన్నా అంటాను. రెండేళ్లుగా నల్ల గుర్రం కావాలని అడిగే వాళ్లు పెరిగారట. ఫోటోల్లో బాగా కనబడుతుందని కుర్రాళ్లు అడుగుతున్నారు, జయంతి ఊరేగింపు వాళ్లయితే నల్లదుంటే రెట్టింపు ఇస్తామంటున్నారు. దానికి తోడు నల్ల గుర్రం లాడం ఇంటికి కొడితే శని దోషం పోతుందని నమ్మే వాళ్లు ఈ చుట్టుపక్కల ఎందరో, ఆ లాడాలకూ గిరాకీ ఉంది. జనవరి చివర్లో దగ్గరి ఊళ్లో గుర్రాలు కొని అమ్మే అన్నదమ్ముల దగ్గర ఒక మగ గుర్రం చూశాడు. 'అస్సల్ ముష్కీ, ఐదేళ్లది' అన్నారు. ముష్కీ అంటే ఇక్కడి గుర్రాల వాళ్ల భాషలో నిండు నలుపు. చెవులు కొనలు లోపలికి తిరిగి మార్వాడీ జాతిలా ఉన్నాయి, గొంతు కింద శుభమని నమ్మే దేవమణి సుడి ఉంది. 2,40,000కు బేరం కుదిరింది. 2,00,000 అక్కడికక్కడే ఇచ్చి, మిగతా 40,000 నెల తర్వాత ఇస్తానని ఒప్పించాడు. తర్వాత మాకు బాగా పనికొచ్చింది ఆ నలభై వేలే.

కొనే ముందు నన్ను పిలవలేదు. అందులో ఆయన తప్పేం లేదు, మా దగ్గర గుర్రం కొనేటప్పుడు డాక్టర్‌ను తీసుకెళ్లే అలవాటే లేదు. సుడులు చూసే పెద్దమనిషిని తీసుకెళ్తారు. ఆయన వచ్చాడు, సుడులన్నీ బాగున్నాయన్నాడు, అవి నిజంగానే బాగున్నాయి.

మొదటిసారి పిలిచింది రంగు కోసం కాదు

ఇంటికి తెచ్చిన నాలుగో రోజు ఫోన్ వచ్చింది. "సార్, గుర్రానికి ఒళ్లంతా దద్దుర్లు లేసినయ్. గోడకు రుద్దుకుంటుంది, ఆగుతలేదు." వాళ్లమ్మ దిష్టి తీసి ఎర్రనీళ్లు పోసిందట. వెళ్లి చూస్తే మెడ మీద, పొట్ట పక్కన రూపాయి బిళ్లంత దద్దుర్లు, కంటి రెప్పలు వాచాయి, తొడల లోపలి వైపు చర్మం వేడిగా ఉంది. జ్వరం లేదు, 100.4. నాడి 44, గుర్రానికి మామూలు పరిధిలో అదే పై అంచు, దురదతో కుదురుగా లేదు కాబట్టి పట్టించుకోలేదు.

అప్పుడు నా ఆలోచన ఇలా నడిచింది. కొత్త చోటు, కొత్త మేత, కొత్త దోమలు. గుర్రాల్లో దద్దుర్లకు ఎక్కువగా పురుగు కాట్లో మేత మార్పో కారణం. ఏం పెడుతున్నావని అడిగితే రోజుకు మూడు కిలోల శనగలు, పైన బెల్లం, జొన్న చొప్ప అన్నాడు. కొత్తగా వచ్చిందని ప్రేమగా పెడుతున్నాడు. శనగలు తగ్గించమని చెప్పాను కానీ గట్టిగా చెప్పలేదు. యాంటీ హిస్టమిన్‌తో పాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చాను, మర్నాడు వచ్చి మళ్లీ ఇచ్చాను. గిట్టలు ఎత్తి చూడలేదు. నేను చెప్పిన తప్పు అదే, దాని గురించి కింద రాస్తాను.

రెండు రోజులు తగ్గింది, మూడో రోజు మళ్లీ లేచింది. ఇంకో ఇంజెక్షన్ ఇచ్చేస్తే ఆయన సంతోషించేవాడు, నాకూ పని అయిపోయేది. కానీ మందు ఆపగానే తిరిగొచ్చిందంటే, దాన్ని తెప్పిస్తున్నదేదో ఇంకా గుర్రం ఒంటి మీదో కడుపులోనో ఉందని అర్థం. చర్మం గీరి చూద్దామని మెడ పక్కన అరచేయంత మేర వెంట్రుకలు కత్తిరించాను. కత్తిరించిన కుచ్చు వేళ్ల మధ్య పట్టుకుని ఎండలోకి వచ్చి చూస్తే, పైనంతా కాటుకలా నలుపు, కింద కుదురు దగ్గర గోరు మందాన గోధుమ రంగు.

నల్ల గుర్రం కొనాలనుకునే వాళ్లకు ఒక్క మాటే చెప్పమంటే నేను చెప్పేది ఇదే. నిజమైన నల్ల గుర్రం కూడా ఎండకు, చెమటకు రంగు మారుతుంది, తుప్పు రంగులోకి తిరుగుతుంది. అయితే మారేది కొనల దగ్గర, కుదురు మాత్రం నల్లగానే ఉంటుంది, ఎందుకంటే కొత్తగా పెరిగే వెంట్రుక నల్లగానే వస్తుంది. రంగు వేసిన గుర్రంలో దీనికి తలకిందులు, కుదురులో గోధుమ, కొనలో నలుపు. గుర్రం నల్లగా పుట్టాలంటే నలుపును కాళ్లకూ జూలుకూ తోకకూ పరిమితం చేసే జన్యువు తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ రాకూడదు. అది ఒక్క వైపు నుంచి వచ్చినా మనం కుమైత్ అనే రంగు వస్తుంది, ఒళ్లు గోధుమ, కాళ్లు, జూలు, తోక నలుపు. నిండు నలుపు అరుదు కాబట్టే దానికి అంత రేటు. కుమైత్ గుర్రానికి రంగు వేసే వాడికి సగం పని ముందే అయిపోయి ఉంటుంది, జూలు, తోక, కాళ్లు పుట్టుకతోనే నల్లన. జూలు పాయ తీసి చూసి నలుపే అనుకునే వాళ్లు అక్కడే మోసపోతారు. చూడాల్సింది మెడ పక్కన, పొట్ట మీద, పిరుదుల మీద.

ఇంకోటి. అందరూ చెప్పే తడి గుడ్డ పరీక్షను నమ్మకండి. దూదికి స్పిరిట్ పట్టించి గట్టిగా రుద్దినా ఈ గుర్రానికి రవ్వంత రంగు ఊడలేదు. 2022లో పంజాబ్ సంగ్రూర్ జిల్లాలో 22 లక్షలకు పైగా పెట్టి కొన్న నల్ల గుర్రం స్నానం చేయించగానే గోధుమ రంగులోకి వచ్చిందని పేపర్లలో చదివాం కదా, అది చదివినవాళ్లు నీళ్లు పోసి చూస్తే చాలనుకుంటున్నారు. మనుషులు తలకు వేసుకునే పక్కా హెయిర్ డై వెంట్రుక లోపలే రంగుగా మారుతుంది, నీళ్లకు పోదు. అందులో ఉండే పీపీడీ, అంటే పారాఫినైలీన్‌డయమిన్, కొందరు మనుషులకు ఎలా పడదో కొన్ని జంతువులకూ అలాగే పడదు. రెప్పలు, తొడల లోపల, చర్మం పలచగా ఉన్నచోటే ఎందుకు ఎక్కువ వాచిందో అప్పుడు అర్థమైంది. అది కడుపులోకి పోతే కండరాలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి, గుర్రం నోటితో ఒళ్లు గోక్కుంటుంది కాబట్టి నాకు అసలు భయం అక్కడ. మూత్రం కాఫీ రంగులో వస్తే అర్ధరాత్రయినా ఫోన్ చేయమని చెప్పాను. అదృష్టవశాత్తు రాలేదు.

గోరువెచ్చని నీళ్లతో, మెత్తని షాంపూతో రోజు విడిచి రోజు కడిగించాను, దద్దుర్లున్నచోట వెంట్రుకలు పొట్టిగా కత్తిరించాం. ఫిబ్రవరిలో చలికాలపు బొచ్చు ఎలాగూ రాలుతుంది, అది కలిసొచ్చింది. పది రోజుల్లో దురద పోయింది.

ఆ రోజే నోరు కూడా తెరిచి చూశాను. ఐదేళ్ల గుర్రానికి అప్పుడే పాలపళ్లన్నీ పోయి నోరు నిండుతుంది, కింది ముందు పళ్ల మీద గుంటలు స్పష్టంగా ఉంటాయి. ఆ గుంటలు మధ్య పళ్లలో ఆరేళ్లకు, పక్కవాటిలో ఏడుకు, చివరివాటిలో ఎనిమిదికి అరిగిపోతాయి. ఇక్కడ ఆరు పళ్లూ నున్నగా ఉన్నాయి. పై చివరి పంటి మీద చిగురు దగ్గర మొదలై కిందికి దిగే ఒక గాడి ఉంటుంది, పదేళ్లకు కనబడడం మొదలై పదిహేనుకు పంటి సగం దాకా వస్తుంది. దీనికి పావు వంతు దిగింది. పన్నెండేళ్లకు అటూ ఇటూ అని రాసుకున్నాను. పళ్లను బట్టి చెప్పే వయసు అంచనాయే, ఒకటి రెండేళ్లు తేడా రావచ్చు, కానీ ఐదుకూ పన్నెండుకూ మధ్య తేడా అంచనాలో వచ్చేది కాదు.

తొమ్మిదో రోజు

రంగు సంగతి తేలగానే ఇంట్లో అందరి దృష్టీ దాని మీదే పడింది. ఎవరు వేశారు, ఎంత పోయింది, ఊళ్లో పరువేం కావాలి, ఇవే మాటలు. నా దృష్టీ అక్కడే పడింది. తొమ్మిదో రోజు పొద్దున్నే ఆయన మేనల్లుడు పంపిన వీడియోలో గుర్రం ముందు కాళ్లు రెండూ చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడి ఉంది. తిప్పబోతే కదలడం లేదు. గుర్రాల గురించి కొంచెం చదివిన వాళ్లెవరికైనా ఆ నిలబడే తీరు చూడగానే గుండె జారుతుంది. లామినైటిస్. గిట్ట లోపలి ఎముకను గిట్ట గోడకు పట్టి ఉంచే పొరలు వాచి వదులవుతాయి. ముదిరితే ఎముక కిందికి జారుతుంది, ఒక్కోసారి అరికాలి గుండా బయటికి వస్తుంది.

వెళ్లి గిట్టలు పట్టుకుంటే వేడి, మడమ పైన నాడి చేతికి కొట్టుకుంటోంది. గిట్టల మీద దట్టంగా నల్లటి పాలిష్ ఉంది, కొన్నప్పటి నుంచీ మెరుస్తున్నాయని అందరూ మెచ్చుకున్నది దాన్నే. సబ్బు నీళ్లతో, ఇనుప పీచుతో అది గీకించాను. కింద అడ్డంగా వలయాలు. బలమైన గిట్ట మీద కూడా వలయాలు ఉండొచ్చు, కానీ అవి ముందు నుంచి మడమ దాకా సమాన దూరంలో నడుస్తాయి. ఇవి ముందు దగ్గరగా, మడమ వైపు పోయే కొద్దీ దూరంగా విచ్చుకున్నాయి. పాత లామినైటిస్ వేసిన గుర్తు అది, నెలల కిందట ఒకసారో రెండుసార్లో వచ్చి తగ్గిన జబ్బు. అంటే ఈ గుర్రానికి కొనేనాటికే కాళ్లు చెడి ఉన్నాయి. నొప్పి తెలియకుండా ఉండే మందు ఇచ్చి చూపించి ఉంటారని నా అనుమానం, రుజువు లేదు. ఫినైల్‌బ్యూటజోన్ లాంటివి ఒకటి రెండు రోజులు నొప్పిని బాగానే కప్పేస్తాయి, ఆ తర్వాత నేనిచ్చిన డెక్సామెథసోన్ కూడా కొంత కప్పి ఉంటుంది.

ఇప్పుడు నా తప్పు. స్టెరాయిడ్ లామినైటిస్ తెస్తుందా అన్నదాని మీద వాదనలున్నాయి, అయినా పాత జబ్బున్న గుర్రానికి, అందులోనూ ధాన్యం ఎక్కువ తింటున్న గుర్రానికి ఇవ్వకుండా ఉండడమే మంచిదని మాకు నేర్పారు. నేను గిట్టలు చూడకుండా రెండు డోసులు ఇచ్చాను. రోజుకు మూడు కిలోల శనగలు ఒక్కటే చాలు ఈ జబ్బు తిరగబెట్టడానికి, నా ఇంజెక్షన్ వల్లే వచ్చిందని చెప్పలేను, కాదనీ చెప్పలేను. యజమానికి అదే మాట చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడేం జేద్దాం సార్" అన్నాడు.

మొదటి రెండు రోజులు ఐసు. ధర్మాబాద్ నుంచి ఐసు దిమ్మెలు తెప్పించి, సిమెంటు కలిపే ప్లాస్టిక్ తొట్లలో నీళ్లు పోసి ముందు కాళ్లు అందులో ఉంచాం. తొలి దశలో గిట్టను బాగా చల్లగా ఉంచితే లోపలి పొరలు దెబ్బతినడం తగ్గుతుంది, ఆలస్యమైతే దీనివల్ల లాభం తక్కువ, కాబట్టి ఆ రెండు రాత్రులు మేనల్లుడు, వాడి స్నేహితుడు వంతులవారీగా కూర్చున్నారు. శనగలు, బెల్లం పూర్తిగా బంద్. ఎండు గడ్డి గంటసేపు నీళ్లలో నానబెట్టి, నీళ్లు పారబోసి పెట్టమన్నాను, గడ్డిలోని చక్కెర కొంత ఆ నీళ్లతో పోతుంది. నొప్పికి ఫ్లూనిక్సిన్, కిలోకు 1.1 మిల్లీగ్రాముల లెక్కన, అయిదు రోజులు. కొట్టంలో అడుగు మందాన ఇసుక పోయించాం. రబ్బరు చెప్పుల అడుగులు కోసి, గిట్ట కింద మధ్యభాగానికి ఆనేలా టేపుతో చుట్టాం, బరువు గోడ మీద కాకుండా మధ్యలో పడాలని. నెల తర్వాత పాత లాడాలు తీయించి, లాడాలు కొట్టే నాల్‌బంద్‌ను కూర్చోబెట్టి ముందు భాగం వెనక్కి వచ్చేలా అరగదీయించాను. అతనికి ఇది కొత్త పని, ఒక్కో గిట్టకు ముప్పావుగంట పట్టింది, చాలా ఓపికగా చేశాడు.

ఇంకో పని, ఇది అందరూ మరిచిపోయేది. తెల్ల గుర్రాన్ని వేరే కొట్టంలోకి మార్పించాను. కొత్త గుర్రం గ్లాండర్స్ అనే అంటురోగం తెస్తే అది మనుషులకూ అంటుతుంది, దాన్ని ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుగా 2009 చట్టంలో పెట్టారు. పశుసంవర్ధక శాఖ ద్వారా రక్తం నమూనా హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి వెళ్లింది. నెగటివ్ వచ్చింది. వచ్చేదాకా ఆ ఇంట్లో పిల్లల్ని కొట్టం దగ్గరికి రానివ్వలేదు.

అమ్మినవాళ్లతో

కేసు పెడదామని బంధువులు, వద్దు పెద్దలతో మాట్లాడదామని ఆయన. నన్ను అడిగారు. నేను వకీలును కాను, కానీ గుర్రాల గురించి చట్టంలో ఉన్న ఒక విషయం నాకు చదువుకునే రోజుల నుంచి గుర్తుంది. 1872 కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో మోసం అంటే ఏమిటో చెప్పేటప్పుడు ఇచ్చిన మొదటి ఉదాహరణే గుర్రం. అమ్మేవాడికి గుర్రం బాగాలేదని తెలుసు, వేలంలో అమ్ముతూ నోరు విప్పలేదు, అది మోసం కాదు అంటుంది. తర్వాతి ఉదాహరణల్లో, కొనేవాడు 'నువ్వు కాదనకపోతే బాగున్నట్టే అనుకుంటాను' అని అడిగితే మాత్రం అప్పుడు మౌనం కూడా మాటతో సమానం అంటుంది. మనం అడగకపోతే వాడు చెప్పాల్సిన పని లేదు, అడిగితే వాడి మౌనం కూడా లెక్కలోకి వస్తుంది. ఇక్కడ మౌనం కాదు, నోటితోనే చెప్పారు. కొన్నరోజు మేనల్లుడు దుబాయ్‌లో ఉన్న అన్నకు పంపడానికి తీసిన వీడియోలో 'అస్సల్ ముష్కీ, పాంచ్ సాల్, కోయీ బీమారీ నహీ' అన్న మాటలు స్పష్టంగా ఉన్నాయి.

నన్ను సర్టిఫికెట్ అడిగారు. 'రంగు వేసి మోసం చేశారు' అని రాయమన్నారు. అలా రాయలేదు. వెంట్రుక కుదురు నుంచి ఇంత పొడవు గోధుమ, పైన నలుపు అని, పళ్ల ప్రకారం వయసు పన్నెండు దరిదాపు అని, గిట్టల మీద వలయాలు ఇలా ఉన్నాయని, చూసిన తేదీలు, కత్తిరించిన కుచ్చు కవర్లో పెట్టి సీలు వేశానని, అంతే. ఎవరు వేశారో నేను చూడలేదు. ఆ అన్నదమ్ములు యాత్రలో వేరేవాళ్ల దగ్గర కొన్నామన్నారు, వాళ్లే ముందు మోసపోయి ఉండొచ్చు. చూసింది మాత్రమే రాయడం వల్లే ఆ కాగితాన్ని అవతలివాళ్లు కూడా కాదనలేకపోయారు.

పెద్దలు రెండుసార్లు కూర్చున్నారు. మొదటిసారి గుర్రాన్ని వెనక్కి తీసుకుని లక్షన్నర ఇస్తామన్నారు. ఆయన ఒప్పుకోబోయి నావైపు చూశాడు. వెనక్కి పోతే ఈ గుర్రానికి మళ్లీ రంగు పడుతుంది, మళ్లీ నొప్పి మందు పడుతుంది, ఇంకో జిల్లాలో ఇంకో ఇంట్లో ఇదే జరుగుతుంది, ఈసారి ఎముక జారుతుంది. నా అభిప్రాయం చెప్పాను, 'నిర్ణయం నీదే అన్నా' అన్నాను, ఎందుకంటే పోయే డబ్బు ఆయనది. ఆయన ఆ రాత్రి ఇంట్లో అడిగి, గుర్రాన్ని ఉంచుకుంటానన్నాడు. రెండోసారి కూర్చున్నప్పుడు బాకీ 40,000 కొట్టేశారు, ఇంకో 70,000 వెనక్కి వచ్చింది. ఆ బాకీ లేకపోతే వాళ్లు కూర్చునేవాళ్లే కాదని నేను అనుకుంటున్నాను.

ఇప్పుడు ఎవరైనా గుర్రం చూడ్డానికి రమ్మంటే చెప్పకుండా మధ్యాహ్నం పూట వెళ్తున్నాను, సాయంత్రం వెలుతురులో రంగు తెలియదు. కొట్టంలోంచి బయటికి వచ్చే మొదటి పది అడుగులు చూడడం ముఖ్యం, వేడెక్కాక కుంటు దాగిపోతుంది. గట్టి నేల మీద చిన్న చుట్టు తిప్పిస్తాను, ముందు కాలు నొప్పి ఉన్న గుర్రం ఆ కాలు ఆనినప్పుడు తల ఎత్తుతుంది. మగ గుర్రం రెప్పలు వాల్చి, అంగం జారవేసి మరీ శాంతంగా నిలబడితే మత్తు మందు అనుమానించాలి. గిట్టలకు పాలిష్ ఉంటే అమ్మేవాడి చేతే కడిగిస్తాను. అన్నీ బాగున్నా మూడు రోజుల తర్వాత మళ్లీ వెళ్తాను, మందులు దిగిపోవడానికి ఆ మాత్రం సమయం ఇవ్వాలి. ఇక దద్దుర్లని పిలిచినా దగ్గని పిలిచినా, ముందు నాలుగు గిట్టలూ పట్టుకుని చూడకుండా సూది తీయడం లేదు.

గుర్రం ఇప్పుడు నిండు కుమైత్ రంగులో ఉంది. మెత్తటి నేల మీద బాగా నడుస్తుంది, డాంబర్ రోడ్డు మీద ఊరేగింపుకు, డప్పుకు ఆడించడానికి పనికిరాదు, ఆయనా ఆ ఆశ వదులుకున్నాడు. చేను దాకా మేనల్లుడు నడిపించుకెళ్తాడు. లాడాలు తీయించిన రోజున కబురు తెలిసి ముగ్గురు వచ్చారు, ఒకాయన నాలుగు లాడాలకూ కలిపి ఐదు వేలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు ఇంకా రంగు సంగతి తెలియదు. గుర్రం ఒంటి మీద అప్పటికి సగం నలుపు అలాగే ఉంది. ఆ నెల ఇంట్లో డబ్బుకు ఎంత కటకటగా ఉందో నాకు తెలుసు.

"ఇది నల్ల గుర్రం కాదు మామా, నీ పైసలు నువ్వు తీస్కపో" అన్నాడు యజమాని, లాడాలు నాల్‌బంద్ సంచిలో వేశాడు.